కత్తీ మంత్రం రెండూ కుదురుతాయండీ, దయచేసి సరిచెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్ పిల్లల పేజీలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని కథ చెప్పుకుంటూ పాచికలు వేసి ఆడే ఆట గురించి రాశారు, ముందు దానికి థాంక్స్ అండీ, తెలుగు పేపర్లో ఈ ఆట పేరు కనపడటమే నాకు పండగలా అనిపించింది, ఆ పేజీ కట్ చేసి దాచుకున్నాను కూడా. కానీ అందులో ఒక లైను ఉంది, మాంత్రికుడిగా ఆడేవాళ్లు కత్తి పట్టకూడదు, యోధుడిగా ఆడేవాళ్లు మంత్రం వెయ్యకూడదు, మొదట్లోనే ఏదో ఒకటి ఎంచుకోవాలి అని. అది తప్పండీ. చిన్న తప్పే కదా అని వదిలేద్దును, కానీ మా అక్క కొడుకు ఆ లైను చదివి "చూశావా పిన్నీ, పేపర్లో కూడా అదే రాశారు, నేనే తప్పు" అని డైస్ డబ్బా మూసేసి లోపలికెళ్లిపోయాడు. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను, కొంచెం పెద్దదైతే ఏమనుకోకండి.

వాడికి 13 ఏళ్లు. నెల రోజుల కింద మన వైజాగ్‌లోనే ఒక చోట పిల్లలందరూ కలిసి ఆడుతున్నారంటే నేనే తీసుకెళ్లి దింపాను. వీడు తన క్యారెక్టర్ షీట్, అంటే ఆటలో తన పాత్ర వివరాలు రాసుకున్న కాగితం పట్టుకెళ్లాడు, బ్లేడ్‌సింగర్ అని, విజర్డే, అంటే మాంత్రికుడే, కానీ చేతిలో కత్తి ఉంటుంది, మంత్రం వేస్తూనే కత్తి తిప్పుతాడు. మూడు వారాలు కూర్చుని రాసుకున్నాడండీ దాన్ని, వాళ్ల గురువెవరో, కత్తి ఎక్కడ దొరికిందో, అన్నీ. అక్కడ ఆట నడిపే అతను షీట్ చూసి "అలా కుదరదు బాబూ, విజర్డ్ అయితే వెనకాల నిలబడి మంత్రాలు వెయ్యి, కొట్టాలంటే ఫైటర్ తీసుకో" అన్నాడట. వీడు పుస్తకంలో ఉంది సార్ అంటే చూడలేదట. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే బండి మీద వెనకాల కూర్చుని సీతమ్మధారలో ఇంటి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ అతని మీద నాకు కోపం లేదు, పదిమంది పిల్లల్ని ఒకేసారి ఆడించడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కానీ పుస్తకం తెరిచి చూడాల్సింది.

నేను ఈ ఆట మొదలుపెట్టింది హుద్‌హుద్ అప్పుడండీ. 2014 అక్టోబర్ 12న తుఫాను ఊరి మీదకొచ్చింది కదా, మా వీధిలో చెట్లన్నీ పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్లకి క్యూలు. ఆ ఏడాది ఆగస్టులోనే ఈ ఆట ఐదో ఎడిషన్ పుస్తకం వచ్చింది, కింద వాటాలో వాళ్లబ్బాయి బయటి దేశం నుంచి సెలవులకొస్తూ తెచ్చుకున్నాడు. కొవ్వొత్తి వెలుతురులో అరడజను మందిమి ఆ ఒక్క పుస్తకం చుట్టూ కూర్చుని ఆడాం. టీవీ లేదు, ఏమీ లేదు, ఒకళ్లు కథ చెప్తుంటే మిగతావాళ్లు నేనిది చేస్తాను నేనది చేస్తాను అనడం, పాచిక వేసి అది జరిగిందా లేదా చూడటం, అంతే ఆట. అప్పట్నుంచి వదల్లేదు. ఇప్పుడు ప్రతి శనివారం రాత్రి మా డాబా మీద అక్క పిల్లలు, పక్కింటి పిల్లలు కలిసి అయిదుగురికి నేనే డీఎంని, అంటే కథ నడిపేదాన్ని.

ఇంక అసలు విషయం. తెలియనివాళ్లకి కూడా అర్థమయ్యేలా చెప్తాను. ఈ ఆటలో ఫైట్ మొదలైతే ఒక్కొక్కళ్లకి ఒక టర్న్ వస్తుంది, అందరి టర్న్‌లూ కలిపి కథలో దాదాపు 6 సెకన్లు. ఆ టర్న్‌లో మీకు ఒక యాక్షన్ ఉంటుంది, కొంత దూరం నడవచ్చు, మీ క్యారెక్టర్‌కి ఆ శక్తి ఉంటే ఒక బోనస్ యాక్షన్ కూడా. అవతలివాళ్ల టర్న్‌లో ఏదైనా జరిగితే వాడుకోడానికి ఒక రియాక్షన్. కత్తితో కొట్టడం ఒక యాక్షన్, మంత్రం వెయ్యడం కూడా ఒక యాక్షనే, ఎక్కువ మంత్రాలకి. చిక్కంతా ఇక్కడే. యాక్షన్ ఒక్కటే కాబట్టి మామూలుగా అయితే ఈ టర్న్‌లో కొడతావా మంత్రం వేస్తావా అంటే ఏదో ఒకటే. మీ పేజీ రాసినవాళ్లూ ఆ నిర్వాహకుడూ ఇక్కడి వరకు కరెక్టే. కానీ రూల్ ఇక్కడితో ఆగిపోలేదండీ, ఇక్కడ మొదలైంది, ఈ ఒక్క యాక్షన్‌లో రెండూ ఎలా పట్టించాలి అని ఆట తయారుచేసినవాళ్లు ఎన్ని దారులు పెట్టారో.

మా డాబా మీద రెండు వారాల కింద జరిగింది చెప్తాను. కథలో ఊరు మన ఊరి లాంటిదే పెట్టాను, డాల్ఫిన్ నోస్ లాంటి కొండ, కింద హార్బర్, రెండు పడవలు పక్కపక్కన. ఒక దాని మీద బందిపోటు నాయకుడు, ఏసీ 15, అంటే పాచిక లెక్క 15 దాటినా సమానమైనా దెబ్బ తగులుతుంది, ప్రాణం 65. మావాడి బ్లేడ్‌సింగర్ ఆరో లెవెల్. 2020లో వచ్చిన టాషా అనే అదనపు రూల్స్ పుస్తకం ప్రకారం ఆరో లెవెల్లో ఆ క్యారెక్టర్‌కి ఒక్క యాక్షన్‌లోనే రెండు దెబ్బలు వస్తాయి, అందులో ఒక దెబ్బ బదులు ఒక క్యాంట్రిప్ వేసుకోవచ్చు, క్యాంట్రిప్ అంటే స్లాట్ ఖర్చు లేకుండా ఎన్నిసార్లైనా వేసుకునే చిన్న మంత్రం, స్లాట్ అంటే పెద్ద మంత్రాలకి ఇన్నే అని లెక్కుండే వాటా. సరే, మొదటి దెబ్బ, ఇరవై ముఖాల పాచిక వేశాడు, 11 పడింది, దానికి వాడి నేర్పుకి వచ్చే 6 కలిపితే 17, తగిలింది, 8 డ్యామేజ్. రెండో దెబ్బ బదులు బూమింగ్ బ్లేడ్ వేశాడు. ఇది భలే మంత్రమండీ, వెయ్యాలంటే కత్తితో కొట్టాల్సిందే, కొట్టడమే మంత్రం. 9 పడింది, 6 కలిపితే 15, సరిగ్గా సమానం, డాబా మీద అందరూ ఒకటే అరుపులు. కత్తి దెబ్బ 9, ఉరుము దెబ్బ ఇంకో 4. అంతటితో అయిపోలేదు, ఆ దెబ్బ తిన్నవాడి చుట్టూ ఉరుము చుట్టుకుని ఉంటుంది, మావాడి మళ్లీ టర్న్ వచ్చేలోపు వాడు తనంతట తాను 5 అడుగులు కదిలితే అది పేలుతుంది. ఇప్పుడు మావాడు బోనస్ యాక్షన్‌తో మిస్టీ స్టెప్ వేసి 30 అడుగుల అవతల రెండో పడవ మీద తేలాడు. మాయమై తేలేవాణ్ణి వెళ్తుంటే కొట్టే అవకాశం అవతలివాడికి ఉండదు. బోనస్ యాక్షన్‌తో ఒక మంత్రం వేస్తే అదే టర్న్‌లో ఇంకో మంత్రం వెయ్యకూడదు, ఒక యాక్షన్ పట్టే క్యాంట్రిప్ అయితే పర్లేదు అని 2014 రూల్, బూమింగ్ బ్లేడ్ క్యాంట్రిప్పే కాబట్టి లెక్క సరిపోయింది.

ఇంక నాయకుణ్ణి ఆడించే నా టర్న్. నాయకుడు ఉన్నచోటే ఉండి బాకు విసరొచ్చు, కానీ సాయంత్రం అంతా వాణ్ణి ముక్కు మీద కోపం ఉన్నవాడిగా ఆడిస్తూ వచ్చాను, ఇప్పుడు తెలివిగా నిలబెడితే కథ తప్పుతుంది. పడవ దూకి పరిగెత్తాడు. కదిలాడు కాబట్టి ఉరుము పేలింది, ఎనిమిది ముఖాల పాచికలు రెండు వేస్తే 7, 6. మొత్తం కలిపి 34, వాడి ప్రాణంలో సగం పైనే పోయింది, అదీ ఒక్క టర్న్‌లో, ఒక విజర్డ్ చేతిలో, ఒక స్లాట్ ఖర్చుతో. ఆ రాత్రి మావాడి మొహం చూడాల్సింది మీరు. అదే పిల్లాడికి నెల కింద "కుదరదు" అన్నారండీ.

అయితే ఇదంతా ఊరికే ఇచ్చేస్తే ఆట పాడైపోదా అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఊరికే ఇవ్వలేదు. ప్రతిదానికీ ధర ఉంది, ఆ ధర చేతుల దగ్గర్నుంచే మొదలవుతుంది. మా అక్క కూతురు పాలడిన్, అంటే దైవశక్తితో పోరాడే యోధురాలిగా ఆడుతుంది, కుడి చేతిలో కత్తి, ఎడమ చేతిలో డాలు. ఒకసారి పక్కనున్నవాడికి గాయం మాన్పే మంత్రం క్యూర్ వూండ్స్ వేస్తానంది. నేను కుదరదన్నాను, ఏడుపు మొహం పెట్టింది. ఇంక కింద వంటింట్లోకి తీసుకెళ్లి ఒక చేతికి అట్లకాడ, ఇంకో చేతికి పెద్ద గిన్నె మూత ఇచ్చి, ఇప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి దీవించవే అన్నాను. రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసుకుని అట్లకాడ గట్టు మీద పెట్టి చెయ్యి పెట్టింది. అదేనమ్మా రూల్ అన్నాను. చేతి ముద్ర కావాల్సిన మంత్రానికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. సామగ్రి కూడా కావాల్సిన మంత్రమైతే ఆ సామగ్రి పట్టుకున్న చెయ్యే ముద్ర కూడా పట్టొచ్చు, పాలడిన్‌కి డాలు మీద దేవుడి గుర్తు ఉంటే అదే సరిపోతుంది. క్యూర్ వూండ్స్‌కి సామగ్రి లేదు, నోటి మాటా ముద్రా మాత్రమే, అందుకని కత్తి ఒరలో పెట్టాల్సిందే, టర్న్‌కి ఒకసారి ఊరికే పెట్టొచ్చు కానీ మళ్లీ తియ్యడం వచ్చే టర్న్‌లోనే, ఈలోపు ఎవడైనా పక్కనుంచి పారిపోతుంటే కొట్టడానికి చేతిలో కత్తి ఉండదు. వార్ కాస్టర్ అనే ఫీట్, అంటే ఒక అదనపు నేర్పు తీసుకుంటే ఆ బాధ పోతుంది, రెండు చేతులూ నిండుగా ఉన్నా ముద్ర పట్టొచ్చు. బూమింగ్ బ్లేడ్‌కి అయితే ఆ కత్తే సామగ్రి, కనీసం ఒక వెండి నాణెం విలువ చేసేదై ఉండాలని కూడా రాశారు. మిస్టీ స్టెప్‌కి నోటి మాట చాలు, చెయ్యి అక్కర్లేదు. ఎంత ఆలోచించి రాశారో చూడండి.

రెండో ధర ఏకాగ్రత. కొన్ని మంత్రాలు వేశాక మనసులో పట్టుకుని ఉండాలి, దెబ్బ తగిలినప్పుడల్లా పాచిక వెయ్యాలి, 10 గానీ తగిలిన దెబ్బలో సగం గానీ ఏది ఎక్కువైతే అంత రావాలి, రాకపోతే మంత్రం పోయినట్టే. వెనకాల దూరంగా నిలబడే విజర్డ్‌కి ఈ బాధ తక్కువ, కత్తి పట్టుకుని ముందుకెళ్లేవాడికి ప్రతి టర్నూ ఇదే గండం. ఇది పిల్లలకి చెప్తుంటే పక్కన నవ్వారు మంచం మీద పడుకుని వింటున్న మా అమ్మ లేచి కూర్చుంది. మొదట్లో ఆవిడ "ఏటే ఆ పాచికలు, జూదవా" అని తిట్టేది, ఇప్పుడు శనివారం వస్తే ముందే మంచం వేయించుకుంటుంది. "అదేటర్రా అంత కొత్తగా చెప్తారు, శస్త్రం అంటే చేత్తో పట్టేది, అస్త్రం అంటే మంత్రం కలిపి వదిలేది, కర్ణుడికి ఏటైంది, రథం చక్రం దిగబడిపోయింది, పరశురాముడి శాపం తగిలి మంత్రం గుర్తు రాలేదు, ఇదే కదా" అంది. అందరం నోరు తెరిచి చూశాం. అవును కదండీ. కత్తీ మంత్రం కలపడం అనేది బయటి దేశాలవాళ్లు మనకి కొత్తగా చెప్పే సంగతేం కాదు, మన పిల్లలు అశ్వత్థామ గడ్డిపరక మీద అస్త్రం వేశాడని వింటూ పెరిగినవాళ్లే. మన తప్పెటగుళ్లు వాళ్లని చూడండి, రొమ్ము మీద తప్పెట వాయిస్తూ, కాళ్లతో గజ్జెల అడుగు వేస్తూ, నోటితో పాట పాడతారు, మూడూ ఒకేసారి. ఆ మూడూ కలవడానికి ఎన్నేళ్ల సాధన ఉంటుందో ఉత్తరాంధ్రలో ఎవర్నడిగినా చెప్తారు. మావాడి బ్లేడ్‌సింగర్ ఆరో లెవెల్ దాకా ఆగాలి అనే రూల్ కూడా అదే.

మీ పేజీలో రాసిన మాట మొత్తానికే అబద్ధం అని నేను అనను, 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట మొదట తెచ్చినప్పుడు మాంత్రికుడికి బాకు తప్ప ఇంకో ఆయుధం లేదు. అప్పుడు కూడా ఆటలో ఎల్ఫ్ అనే కల్పిత జాతివాళ్లు ఒక సాహసానికి యోధుడిగా, ఇంకో సాహసానికి మాంత్రికుడిగా మారొచ్చు, ఆట మధ్యలో మాత్రం మారకూడదు. అంటే మొదటి రోజు నుంచే ఈ కోరిక జనాల్లో ఉందన్నమాట. మూడో ఎడిషన్‌లో కవచం వేసుకుని మంత్రం వేస్తే తప్పిపోయే శాతం పెట్టారు, పూర్తి ఇనుప కవచానికి 35 శాతం. 2006లో కత్తీ మంత్రం కలిపే డస్క్‌బ్లేడ్ అనే క్యారెక్టర్ వచ్చింది. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆటలో 2011లో మేగస్ వచ్చాడు, ఒక చేత్తో కత్తి, రెండో చెయ్యి ఖాళీ, ఒకే టర్న్‌లో కత్తి దెబ్బలూ వేస్తాడు మంత్రమూ వేస్తాడు, దానికి బదులు ప్రతి దెబ్బకీ పాచికలో 2 తగ్గించుకోవాలి. తర్వాత అదే మేగస్ ముట్టుకుంటే షాక్ కొట్టే మంత్రాన్ని కత్తి మొన మీద నుంచి అవతలివాడి ఒంట్లోకి దింపుతాడు. నా మటుకు నాకు ఇప్పటిదాకా చూసిన వాటిల్లో ఇదే అన్నిటికన్నా అందమైన రూల్, ఎందుకంటే లాభం ఎంతో నష్టం ఎంతో పక్కపక్కనే రాసిపెట్టారు, పిల్లాడు కూడా వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు.

యోధుడు మంత్రం వెయ్యకూడదన్నారు, దానికీ ఒక మాట. ఫైటర్‌లోనే ఎల్డ్రిచ్ నైట్ అని ఉంది, మూడో లెవెల్ నుంచి మంత్రాలు. ఏడో లెవెల్లో వార్ మ్యాజిక్ వస్తుంది. గొడవలు ఎక్కువ వచ్చేది దీని దగ్గరే, ఎందుకంటే 2014 పుస్తకంలో ఒకలా ఉంది, 2024లో మార్చిన పుస్తకంలో ఇంకోలా ఉంది. పాత దాంట్లో యాక్షన్‌తో క్యాంట్రిప్ వేస్తే బోనస్ యాక్షన్‌తో ఒక దెబ్బ కొట్టొచ్చు. కొత్త దాంట్లో బ్లేడ్‌సింగర్ లాగే రెండు దెబ్బల్లో ఒకదాని బదులు క్యాంట్రిప్. పాలడిన్ కొట్టే స్మైట్ అనే దెబ్బ కూడా అంతే, పాత దాంట్లో తగిలిన ప్రతి దెబ్బకీ స్లాట్ ఖర్చు పెట్టి మెరుపు కలపొచ్చు, కొత్త దాంట్లో అది బోనస్ యాక్షన్ మంత్రం అయిపోయింది కాబట్టి టర్న్‌కి ఒక్కసారే. ఒకే టేబుల్ దగ్గర ఒక పిల్లాడి చేతిలో పాత పుస్తకం, ఇంకో పిల్లాడి చేతిలో కొత్త పుస్తకం ఉంటే ఇద్దరూ కరెక్టే, ఇద్దరూ కొట్టుకుంటారు. ఆట మొదలుపెట్టే ముందే ఏ పుస్తకమో చెప్పేస్తే సగం తగువులు తీరిపోతాయి, మా డాబా మీద 2014దే అని మెట్ల దగ్గర గోడ మీద సుద్దతో రాసిపెట్టాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండటం వల్లే ఇలా జరుగుతోందని నా బాధ. చిన్నక్షరాల్లో ఒక పేరా లోపల "బదులు" అనే ఒక్క మాట మీద మొత్తం రూల్ నిలబడి ఉంటుంది, తెలుగు మీడియంలో చదివే పిల్లాడు అది పట్టుకోలేక పెద్దవాళ్లు చెప్పిందే నమ్ముతాడు. పక్కింటి పాప అలాగే ఉండేది, నేను నోట్‌బుక్‌లో తెలుగులో రాసిచ్చాక ఇప్పుడు నా తప్పులే పడుతోంది. ఆ మధ్య ఒక శనివారం "ఆంటీ, మీరు ఏకాగ్రత పాచిక వెయ్యడం మర్చిపోయారు" అంది, నిజమే, మర్చిపోయాను, నా మంత్రగత్తె మంత్రం అక్కడికక్కడే పోయింది.

కాబట్టి మీకు నా మనవి ఏంటంటే, వచ్చే ఆదివారం పిల్లల పేజీలో ఆ లైను ఒక్కటి సరిచెయ్యండి. "ఒక్క టర్న్‌లో ఒక్క యాక్షనే, కానీ కత్తీ మంత్రం కలిపి వాడే క్యారెక్టర్లు ఉన్నాయి, ఏ లెవెల్లో ఎలా కలపొచ్చో పుస్తకంలో చూసుకోండి" అని రెండు వాక్యాలు వేసినా చాలు. చోటుంటే వారానికి ఒక్క రూల్ తెలుగులో చెప్పే చిన్న బాక్స్ పెట్టండి, చదరంగానికి పెడతారు కదా, అలాగే. రాసేవాళ్లు దొరక్కపోతే నా నోట్‌బుక్ జిరాక్స్ తీయించి పంపిస్తాను, దస్తూరీ కొంచెం గొలుసుగా ఉంటుంది కానీ చదవొచ్చు. ఊళ్లో పిల్లలతో ఈ ఆట ఆడించే అన్నలకీ అక్కలకీ కూడా ఒక మాట, పిల్లాడు పుస్తకంలో ఉంది అన్నాడంటే కుదరదనే ముందు ఏ పేజీ నాన్నా అని అడగండి.

మీరు సరిచేసిన పేజీ రాగానే ముందు వాడికే చూపిస్తాను. బందిపోటు నాయకుడు ఇంకా 31 ప్రాణంతో రెండో పడవ మీద నిలబడే ఉన్నాడు, వచ్చే టర్న్ మావాడిదే.

ఇట్లు
ఒక పాఠకురాలు
సీతమ్మధార, విశాఖపట్నం